బొచ్చెకు పైన, బంగారుతీగకు అడుగున

శంషాబాద్ చుట్టుపక్కల చెరువుగట్టు మీద గాలం వేసుకుని కూర్చున్న ఎవరినైనా కదిలించండి. చేప పడకపోతే మొదట తిట్టేది విమానాలనే. "నెత్తి మీదికెళ్లి గిన్ని పోతుంటే ఏ చేప నిలుస్తదన్నా?" అంటారు. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైన దగ్గర్నుంచీ దొరికిన సాకు ఇది. అంతకుముందు బెంగళూరు రోడ్డు మీది లారీల మీద పెట్టేవాళ్లేమో.

విమానం పాపం ఏమీ చెయ్యదు. గాలిలో పుట్టిన చప్పుడు నీటిని తాకగానే దాదాపు మొత్తం వెనక్కే పోతుంది. నిట్టనిలువుగా పడ్డ ధ్వనిలో కూడా నీటిలోకి దిగే శక్తి వెయ్యిలో ఒక వంతు. మీరు గట్టు మీద చెప్పులు టపటపలాడిస్తూ నడిచినా, స్టీలు టిఫిన్ డబ్బాను రాతి మీద ఠంగుమని పెట్టినా, ఆ అదురు మాత్రం నేలలోంచి తిన్నగా నీళ్లలోకి దిగుతుంది. పైగా బొచ్చె, రవ్వ, బంగారుతీగ లాంటి చేపల చెవి మామూలు చెవి కాదు. వాటి పొట్టలోని గాలితిత్తికీ లోపలి చెవికీ మధ్య చిన్న ఎముకల గొలుసు ఒకటి ఉంటుంది. వెబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1820లో దాన్ని వర్ణించాడు. తిత్తి డోలులా అదిరితే ఆ ఎముకలు ఆ అదురును చెవికి మోస్తాయి. మీరు బండి స్టాండు వేసిన సంగతి మీకన్నా ముందు బొచ్చెకు తెలుస్తుంది.

ఈ అధ్యాయాన్ని సాకుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. గాలం గురించి రాసేవాళ్లంతా ఓపిక గురించి రాస్తారు. నా లెక్కలో ఆ ఓపికలో సగం బద్ధకమే. తప్పు లోతులో, తప్పు ఎరతో, తప్పు గట్టున ఆరు గంటలు కదలకుండా కూర్చోవడాన్ని ఓపిక అనలేం. నేనూ అలా కూర్చున్నవాణ్ణే. మొయినాబాద్ వైపు డబ్బులు కట్టి గాలం వేసుకోనిచ్చే ఒక ప్రైవేటు కుంట దగ్గర, ఉడికించిన మక్క గింజలు గుచ్చి అడుగుకు వదిలి, తెల్లవారుజామున అయిదు నుంచి పదకొండు దాకా కూర్చున్నాను. నా కళ్లముందే బొచ్చెలు నీటి పైన వీపు చూపిస్తూ దొర్లుతున్నాయి. 'చేపలున్నాయి, పడతాయి' అని మురిసిపోయానే గానీ, పైన తిరిగే చేపకు అడుగున భోజనం పెట్టానన్న సంగతి తట్టలేదు. నా పక్కన ఇంటర్ చదివే కుర్రాడొకడు తవుడు ముద్దను బెండు కింద మూడడుగుల లోతున వేలాడదీసి రెండు లాగాడు. ఇంటికి వచ్చి మా ఆవిడతో, చేప పడకపోయినా మనసు ప్రశాంతంగా ఉందని చెప్పాను.

మొదటి పాఠానికి చెరువు దగ్గరకు పోనక్కర్లేదు. ఆదివారం చేపల దుకాణానికి వెళ్లండి. కొనే చేపను కోయించే ముందు దాని నోరు చూడండి. బొచ్చెకు తల పెద్దది, నోరు ఆకాశం వైపు తిరిగి ఉంటుంది, కింది దవడ ముందుకు పొడుచుకొస్తుంది, మీసాలుండవు. అది నీటి పైభాగంలో తేలే కంటికానని జీవులను నోరు తెరిచి వడగట్టుకుంటూ తిరిగే చేప. రవ్వకు పెదాలు మందం, అంచులు కుచ్చులు కుచ్చులుగా ఉంటాయి. మధ్య నీళ్లలో తిరుగుతూ మెత్తగా కుళ్లిన ఆకూ అలమూ గీకి తినే నోరది. మృగాల అనే చేపది కిందికి తిరిగిన నోరు, అడుగు బురద దాని పళ్లెం. ఇక బంగారుతీగ నోరు వేలితో లాగి చూడండి, గొట్టంలా బయటికి సాగుతుంది. పక్కన నాలుగు మీసాలు. ఆ మీసాల మీద కూడా రుచి తెలిసే మొగ్గలుంటాయి. అది బురదను నోట్లోకి పీల్చి, తినేది ఉంచుకుని మిగతాది ఉమ్మేస్తుంది. మీ ఎరనూ అలాగే పీల్చి ఉమ్మేస్తుంది, చాలాసార్లు మీకు తెలియకుండానే.

పది నిమిషాల ఈ పరిశీలనతో సగం ఎర ఎంపిక అయిపోయినట్టే. నోరు పైకి ఉంటే పైన, కిందికి ఉంటే కింద.

ఇంకొక సంగతి దుకాణంలో కోసేవాడి బల్ల మీద కనిపిస్తుంది. ఈ కార్ప్ జాతికి మనకున్నట్టు సంచిలాంటి పొట్ట లేదు, పొడుగ్గా చుట్టలు చుట్టుకున్న పేగే ఉంటుంది. దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. పొట్ట లేదు కాబట్టి ఒక్కసారి కడుపునిండా తిని పడుకోవడం వీటికి కుదరదు. కొంచెం కొంచెం, మాటిమాటికీ తింటూ తిరగాలి. అందుకే మేత చల్లి మరిపే పద్ధతి వీటి మీద పనిచేస్తుంది. అతిగా చల్లితే పనిచెయ్యనిదీ అందుకే.

మేత చల్లి మరిపే ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో రాయించిన మానసోల్లాసంలో గాలం వేట మీద ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది, మత్స్యవినోదం పేరుతో. ఏ చేప ఎక్కడ ఉంటుంది, దానికి ఏ మేత పెట్టి మరిపాలి, గాలానికి తాడు ఎలా ఉండాలి అని రాజుగారి వినోదాల పట్టికలో రాసుకున్నారు. అప్పటికి మన తెలంగాణ ప్రాంతం చాలావరకు ఆ రాజ్యంలోదే, కొలనుపాక వాళ్ల ముఖ్య పట్టణాల్లో ఒకటి. తొమ్మిది వందల ఏళ్ల కిందట రాజు కూడా ముందు మేత, తర్వాతే గాలం అనుకున్నాడు. ఇప్పుడు బండి దిగీ దిగగానే గాలం విసిరేది మనమే.

సరే, ఎరలు. బొచ్చెతో మొదలుపెడతాను, ఎందుకంటే మన చెరువుల్లో పెద్ద చేప అంటే ముందు అదే. అది గింజను ఏరుకు తినే రకం కాదు. దానికి కావలసింది నీళ్లలో పొగలా విచ్చుకునే మేత. అందుకే తవుడు. రెండు కిలోల మెత్తటి తవుడుకు అర కిలో పల్లిచెక్క రాత్రే నానబెట్టి, తెల్లారి పిసికి కలపండి. పావుకిలో పుట్నాల పొడి, గుప్పెడు బెల్లం తురుము. నీళ్లు మాత్రం ఇంటి నల్లావి వద్దు, అక్కడి చెరువువే పొయ్యండి, అదీ కొంచెం కొంచెం. ఇది చల్లే మేత. గాలానికి పెట్టే ముద్ద కూడా దీనిలోంచే తీసి, మైదా చిటికెడు కలిపి బిగించుకోవాలి. ఎక్కడో కొన్న పొట్లం ఎర గాలానికి, ఇంట్లో కలిపిన తవుడు చల్లడానికి వాడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఒక వంటకం రుచి మరిపి ఇంకో వంటకం వడ్డిస్తే అతిథికి అనుమానం రాదా?

ముద్ద ఎంత గట్టిగా ఉండాలన్నది నూటికి తొంభైమంది చేతి అంచనాతో వదిలేస్తారు. ఇంట్లో బకెట్టు నిండా నీళ్లు పట్టి నిమ్మకాయంత ముద్ద వెయ్యండి. అడుగుకు చేరేలోపు అంచులు విడిపోతూ, నీళ్లు మసకబారుతూ పోతే అది బొచ్చెకు. అడుగుకు చేరి, పది నిమిషాలకు కుప్పగా కూలితే రవ్వకూ మృగాలకూ. అరగంటైనా గుండులా ఉంటే రొట్టె చేసుకోండి, పారెయ్యకండి. ఈ బకెట్టు పరీక్ష చెయ్యడానికి అరగంట పడుతుంది. చేసేవాడు వందలో ఒకడుంటాడో లేడో.

బొచ్చెకు బెండు తప్పనిసరి. లోతు తెలుసుకోవడానికి ముందు ఎర లేకుండా సీసం గుండు మాత్రం కట్టి వేసి, బెండు నిలబడే దాకా జరుపుకుంటూ చూడాలి. పది అడుగుల నీళ్లుంటే మూడు నుంచి అయిదు అడుగుల్లో ముద్ద వేలాడాలి. కొందరు చిన్న తీగ స్ప్రింగు చుట్టూ ముద్ద అద్ది, నాలుగైదు చిన్న గాలాలను ఆ ముద్ద చుట్టూ వేలాడదీస్తారు. బొచ్చె ముద్దను కొరకదు, విచ్చుకునే పిండిని పీలుస్తుంది. పీల్చేటప్పుడు పక్కనున్న గాలం కూడా లోపలికి పోతుంది. పని చేస్తుంది, ఒప్పుకుంటాను. కాకపోతే చేప విదిలించుకుంటే మిగతా గాలాలు కంటికో మొప్పకో గుచ్చుకుంటాయి. వదిలేసే ఉద్దేశం ఉంటే అది కట్టకండి.

రవ్వకు మెత్తదనం ముఖ్యం. గోధుమపిండి, కాస్త శనగపిండి, అరటిపండు కలిపి చెవి తమ్మెంత మెత్తగా పిసికిన ముద్ద, శనగగింజంత. అడుగుకు జానెడు పైన. రవ్వ పట్టినప్పుడు బెండు మునగదు, ముందు వణుకుతుంది. ఆ వణుకుకే లాగితే పోయింది.

ఇక నాకు ఇష్టమైన చేప, బంగారుతీగ. మన దేశపు చేప కాదది. ఒక రకం 1939లో సింహళం నుంచి నీలగిరికి వచ్చింది, ఇప్పుడు మన చెరువుల్లో కనిపించేది 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కు తెచ్చిన రకం. బొచ్చె, రవ్వ, మృగాల మాదిరి పారే నీళ్లు కావాలనదు, నిలవ నీటిలోనే కలుపు మొక్కలకు గుడ్లు అంటించి పెరిగిపోతుంది. దీనికి ఎర్రలు మంచి ఎర, పేడకుప్ప కింద తవ్వినవి. కానీ ఎర్ర వేస్తే ముందు జెల్లలూ పరకలూ ఎగబడతాయి. పెద్ద చేప కావాలనుకున్నవాడికి నా సలహా మక్కలు. ఎండు మక్కలు ఒక రోజంతా నానబెట్టి, గింజ పగిలేదాకా ఉడికించి, ఆ నీళ్లలోనే మూత పెట్టి ఇంకో రెండు రోజులు ఉంచండి. పులిసిన వాసన వస్తుంది, నీళ్లు జిగురు కడతాయి. ఇంట్లోవాళ్లు డబ్బాను బాల్కనీలోకి నెడతారు. సరిగ్గా అయిందని గుర్తు అదే. ఉడకని గింజలు మాత్రం చెరువులో చల్లకండి, చేప కడుపులో ఉబ్బుతాయి.

పులిసిన మేతకు చేపలు ఎందుకు వస్తాయన్నదానికి కారణం ఉంది. పులిసేటప్పుడు గింజలోని మాంసకృత్తులు విడిపోయి అమైనో ఆమ్లాలవుతాయి. అవి నీటిలో కరుగుతాయి. చేప ముక్కుకు, నాలుకకు అందేది నీటిలో కరిగినదే. ఇది తెలిస్తే గట్టు మీద జరిగే సగం వాదనలు ఆగిపోతాయి. ఇంగువా, సోంపా, వెనీలానా, కస్తూరి మెంతా అని ఒకరి జేబులోని సీసా ఇంకొకరికి చూపకుండా దాచుకునేవాళ్లున్నారు. నూనెలో కలిపిన అత్తరు నీటిలో కరగదు, పైన తేలిపోతుంది. ఇంగువ చిటికెడు వేస్తే నష్టం లేదు, చెంచాడు వేస్తే చేప పారిపోతుంది. నా అనుభవంలో రహస్య ఎరల వాసన చేపలకన్నా మనుషులనే ఎక్కువ పట్టింది.

నమ్మకం కుదరకపోతే ఇంగ్లండు వైపు చూడండి. 1952 సెప్టెంబరులో రిచర్డ్ వాకర్ అనే ఆయన రెడ్‌మైర్ కుంటలో 44 పౌన్ల బంగారుతీగను పట్టాడు, మన లెక్కలో ఇరవై కిలోలు. ఆయన గాలానికున్నది రొట్టె పిండి, రొట్టె పెచ్చు. ఆ రికార్డు 1980లో అదే కుంటలో క్రిస్ యేట్స్ చేతిలో చెరిగింది, యాభై ఒకటిన్నర పౌన్లు. ఆయన ఎర మూడు మక్క గింజలు. మన సంతలో దొరకనిది ఇందులో ఒక్కటీ లేదు.

ఆ దేశంలోనే ఆ కాలంలోనే లెన్ మిడిల్టన్, కెవిన్ మాడాక్స్ అనే ఇద్దరు చేపలు ఎరను పీల్చి ఉమ్మేయడం తొట్టిలో దగ్గరగా గమనించి ఒక చిట్కా కనిపెట్టారు. ఎరను గాలానికి గుచ్చకుండా, గాలం వంపు నుంచి సన్నటి వెంట్రుక వేలాడదీసి దానికి ఎర కట్టారు. మొదట్లో నిజంగా తల వెంట్రుకే. చేప ఎరను పీల్చుకుంటే ఖాళీ గాలం వెనకాలే పోతుంది, ఉమ్మేటప్పుడు గాలం పెదవికి తగులుతుంది. మనకు సన్నటి కుట్టు దారం చాలు. రెండు మక్క గింజలు సూదితో గుచ్చి, గాలం వంపు నుంచి గింజంత దూరంలో వేలాడేట్టు ముడెయ్యండి. గాలం మొన పూర్తిగా బయటే ఉండాలి. ఎర మధ్యలో గాలాన్ని దాచడమే తెలివనుకునే మనకు మొదట్లో చెయ్యి రాదు. బంగారుతీగ దగ్గర మాత్రం దీనికి సాటి లేదు.

గడ్డిచేపకు లేత గడ్డి పోచలు లేదా మక్కలే. వెండిచేప దాదాపు ఏ ఎరా తీసుకోదు, దాని కోసం సెలవు పెట్టకండి.

ఎక్కడ వెయ్యాలి అన్నది ఎర కన్నా ముందు రావలసిన ప్రశ్న, నేనే వెనక్కి నెట్టాను. పడమటి గాలి రెండు మూడు రోజులుగా వీస్తుంటే నీటి పైని సన్న జీవులు తూర్పు గట్టుకు చేరతాయి, వాటి వెనక బొచ్చె. కాబట్టి గాలి ముఖానికి కొట్టే గట్టు మీదే కూర్చోవాలి. కళ్లలో దుమ్ము పడుతుందని అందరూ అవతలి గట్టుకు పోతారు, మంచిదే. అడుగునుంచి చిన్న చిన్న బుడగలు వరుసగా జరుగుతూ వస్తుంటే బంగారుతీగ బురద తవ్వుతున్నట్టు. వేసవిలో సూర్యుడు రాకముందు చేపలు పైకి తేలి నోరు తెరుస్తుంటే ఆకలనుకోవద్దు. రాత్రంతా మొక్కలూ నాచూ ఊపిరి పీల్చేసరికి తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది, అవి గాలి కోసం వచ్చాయి. ఎండ పొడిచి గంటయ్యాక వెయ్యండి. డిసెంబరు, జనవరి చలికి తిండి తగ్గుతుంది, అప్పుడు పది దాటాకే పోండి, ఎర గోరంత చాలు. తొలకరి తర్వాత వాగు చెరువులో కలిసే చోటు అన్నిటికన్నా మంచిది.

తొలకరి మాట వచ్చింది గనక హిమాయత్‌సాగర్ గురించి చెప్పాలి, ఎందుకంటే శంషాబాద్ వైపు గాలం పట్టినవాడి కన్ను దాని మీదే ఉంటుంది. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి కట్టిన రెండు జలాశయాల్లో రెండోది. ఈసీ నది మీద 1927లో పూర్తయింది. పదిహేడు గేట్లు. వానాకాలంలో గేట్లు ఎత్తే ముందు హెచ్చరిస్తారు, అయినా దిగువన గాలాలు వేసి కూర్చునేవాళ్లుంటారు. గేటు కింద చేపలు గుమికూడతాయన్నది నిజమే. నీళ్లు నిమిషాల్లో నడుము దాకా వస్తాయన్నదీ అంతే నిజం. పైగా అది తాగునీటి జలాశయం. అక్కడ కిలోల కొద్దీ తవుడు పొయ్యడం తప్పు, అనుమతి అడక్కుండా గాలం వెయ్యడం ఇంకో తప్పు.

చెరువైనా అంతే. తెలంగాణ చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా పిల్లలు పోసినా, వాటిని కాసేది, కలుపు తీసేది, దొంగవలలు పట్టేది ముదిరాజులు, గంగపుత్రులు. మీ గాలానికి పడ్డ అయిదు కిలోల బొచ్చె వాళ్ల పంట. ముందుగా సంఘం పెద్దను కలవండి. "పెద్దయ్యా, ఒక్క గాలం ఏసుకుంటం, ఎంత కట్టాలె?" అని అడిగితే చాలాచోట్ల కాదనరు, చేప ఎక్కడ తిరుగుతుందో కూడా వాళ్లే చూపిస్తారు. బొచ్చె, రవ్వ, మృగాల నిలవ నీటి చెరువులో గుడ్లు పెట్టి పిల్లలు చెయ్యవు. కాబట్టి "పెద్ద తల్లిని వదిలితే చెరువు నిండుతుంది" అనే మాట వాటికి వర్తించదు. వదలాలా, తూకం వేయించి డబ్బు కట్టాలా అన్నది ఆ చెరువు ఎవరిదో వాళ్లు చెప్పాలి.

చెరువు కుదిరాక వరసగా మూడు సాయంత్రాలు ఒకే చోట, ఒకే వేళకు, రెండు దోసిళ్ల మేత చల్లి గాలం వెయ్యకుండా రండి. ఇది చెప్తే అందరూ తలూపుతారు, చేసేది ఒక్కరూ లేరు. నాలుగో సాయంత్రం వచ్చేసరికి ఆ చోటు వాటి దారిలో చేరిపోయి ఉంటుంది. మేత మిగిలి కుళ్లితే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, అందుకని ఆ రెండు దోసిళ్లు దాటకండి.

పెద్దది పడితే రీలు బ్రేకును తాడు బలంలో మూడో వంతుకు పెట్టి ఉంచండి. పది కిలోలు మోసే తాడైతే మూడు కిలోల లాగుడుకే అది జారాలి. మొదటి పరుగులో ఆపే ప్రయత్నం వద్దు, పోనివ్వండి. బొచ్చె లోతుకు దిగి బరువుగా నిలుస్తుంది, బంగారుతీగ తుంగలోకి దూరడానికి చూస్తుంది. కర్రను పక్కకు వంచి దాని తలను తిప్పాలి. పైకెత్తితే తాడు తెగుతుంది. గట్టు దగ్గరకొచ్చాక వల ముందే నీళ్లలో ముంచి ఉంచి, చేపను వల మీదికి తేవాలి. వలతో చేప వెంట పరుగెత్తకండి.

వదిలేసే చేపైతే చేతులు తడిపి పట్టుకోండి, పొడి చేతులకు దాని జిగురు పొర ఊడి వస్తుంది. కాలే రాతి మీద పెట్టొద్దు, తడిపిన గోనె చాలు. ఫోటో ఒక్కటి. మోకాలి లోతు నీళ్లలోకి దిగి, పొట్ట కింద ఒక చెయ్యి, తోక దగ్గర ఒక చెయ్యి పెట్టి నిటారుగా పట్టుకోండి. మొప్పలు నిదానంగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. తొందరపెట్టకండి, ఒక్కోసారి అయిదు నిమిషాలు పడుతుంది. బలం పుంజుకోగానే తోకతో మీ మణికట్టును ఒక్కటి కొట్టి పోతుంది. నీళ్లు ముఖం దాకా వస్తాయి. బండి డిక్కీలో ఇంకో చొక్కా ఉంచుకోండి.